16 మార్కుల బట్టీ

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు బీటెక్ మూడో ఏడాది. ఆ టైములో వాడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందంటే అయితే డబ్బులు, లేకపోతే పరీక్షలు. ఈసారి పరీక్షలు.

"మావయ్యా, ఇంకా పన్నెండు రోజులే ఉంది. చదువుతుంటే అన్నీ అర్థమవుతున్నాయి. రాయమంటే రావట్లేదు. బట్టీ కొట్టేయనా?"

పెద్దమనిషి మాట నోటి దాకా వచ్చేసింది... "బట్టీ కొట్టకురా, కాన్సెప్ట్ అర్థం చేసుకో, రాయడం అదే వస్తుంది" అని. మన ఫీల్డులో ఎవరిని అడిగినా ఇదే చెప్తాం కదా. కానీ ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ సలహాని నమ్ముకునే నేను ఒక సబ్జెక్టు పోగొట్టుకున్నాను. "రేపు చెప్తాలే, పడుకో" అని పెట్టేశాను. వాడు పడుకున్నాడో లేదో గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ టపా.

మా రోజుల్లో (2005లో చేరిన బ్యాచ్ మాది) పేపరు ఎలా ఉండేదో తెలియనివాళ్ళ కోసం ఓ నాలుగు ముక్కలు. సబ్జెక్టుకి 8 యూనిట్లు. పేపర్లో 8 ప్రశ్నలు, ఏవైనా 5 రాయాలి, ఒక్కోటి 16 మార్కులు, మొత్తం 80. మిగతా 20 ఇంటర్నల్స్. గట్టెక్కాలంటే ఆ 80లో కనీసం 28 తెచ్చుకోవాలి, ఇంటర్నల్స్‌తో కలిపి 40 దాటాలి. టైము మూడు గంటలు, అంటే ప్రశ్నకి 36 నిమిషాలు. యూనిట్‌కి ఒక ప్రశ్న చొప్పున లెక్కేసుకుంటే మూడు యూనిట్లు హాయిగా ఛాయిస్‌లో వదిలేయొచ్చు. ఆ వదిలేసే మూడు ఏవి అన్నదాని మీద మా హాస్టల్లో జరిగినంత లోతైన చర్చ ఏ సబ్జెక్టు మీదా జరగలేదు :)

ప్రిపరేషన్ హాలిడేస్ రాగానే హాస్టల్ వాతావరణమే మారిపోయేది. జిరాక్స్ షాపు ముందు క్యూ. ఆల్ ఇన్ వన్ గైడు కొన్నవాడి చుట్టూ జనం. పాత పేపర్లు సెట్ 1 నుంచి సెట్ 4 దాకా ముందేసుకుని, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టే విశ్లేషకులు. "పేపరు దిద్దేవాళ్ళు చదవరు మామా, అడిషనల్స్ ఎన్ని కట్టావో చూస్తారు" అని ప్రతి ఏడాదీ ఒక సీనియర్ వచ్చి రహస్యం చెప్పేవాడు. నిజమో కాదో ఎవరికీ తెలీదు గానీ, దాన్ని నమ్మి అక్షరాలు పెద్దవి చేసినవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

మాలో రెండు పార్టీలు ఉండేవి. ఒకటి కాన్సెప్ట్ బ్యాచ్, రెండోది బట్టీ బ్యాచ్. నేను కాన్సెప్ట్ బ్యాచ్‌కి స్వయం ప్రకటిత నాయకుణ్ణి. లైబ్రరీలో అట్ట మీద డైనోసార్ బొమ్మ ఉండే ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం నా పేరు మీదే ఉండేది. గైడు ముట్టుకోవడం నామోషీ. టీ కొట్టు దగ్గర ప్రాసెస్‌కీ థ్రెడ్‌కీ తేడా గురించి అరగంట మాట్లాడగలను. జనం వినేవాళ్ళు కూడా.

మా రూమ్మేటు దానికి పూర్తిగా ఉల్టా. కనిగిరి దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు వాక్యం చదవాలంటే పెదాలు కదపాల్సిందే. పొద్దున్నే నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, ల్యాబులో పారేసిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటవుట్ల కట్ట ముందేసుకుని, వాటి వెనకవైపు ఖాళీ మీద రాస్తూ కూచునేవాడు. ఒక జవాబు చదవడం, పుస్తకం మూయడం, రాయడం, మళ్ళీ పుస్తకం తెరిచి తప్పిపోయిన వాటికి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టడం. మళ్ళీ మూయడం, మళ్ళీ రాయడం. మేం వాడికి డాట్ మ్యాట్రిక్స్ అనే పేరు పెట్టేశాం. వాడు రాస్తుంటే పక్కన నిలబడి ప్రింటర్ చప్పుడు చేసేవాణ్ణి నేను. (ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.)

నెట్‌వర్క్స్‌లో ఏడు లేయర్లు గుర్తుండటానికి అందరూ "ప్లీజ్ డూ నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే" అని చెప్పుకుంటుంటే, వాడు నన్ను చాలా సీరియస్‌గా "సాసేజ్ అంటే ఏంది మామా?" అని అడిగాడు. నాకూ తెలీదు. పిజ్జా అయితే బొమ్మలో చూశాను. చివరికి వాడు "ఫి-డే-నె-ట్రా-సె-ప్రె-అ" అని ఎక్కం లాగా రాగం తీసి పెట్టుకున్నాడు. నవ్వాం. కానీ ఆ ఏడూ నాకు ఇవాళ్టికీ గుర్తున్నది ఆ రాగంలోనే.

2007 నవంబర్. మూడో ఏడాది మొదటి సెమిస్టర్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్ష. రెండో ప్రశ్న డెడ్‌లాక్: అంటే ఏమిటి, అది ఏర్పడటానికి ఏ కండిషన్లు ఉండాలి, బ్యాంకర్స్ అల్గారిథమ్ ఉదాహరణతో వివరించండి. చూడగానే నవ్వొచ్చింది. ఇది నా ప్రశ్న. టీ కొట్టు దగ్గర దీని మీద నేను ఉపన్యాసాలే ఇచ్చాను.

రాయడం మొదలుపెట్టాను. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. హోల్డ్ అండ్ వెయిట్. సర్క్యులర్ వెయిట్. నాలుగోది... రాలేదు. నాలుగోది ఒకటుందని తెలుసు. అది పుస్తకంలో ఏ పేజీలో, ఎడమవైపు ఎంత కింద ఉందో కూడా కళ్ళ ముందు కనిపిస్తోంది. పదం మాత్రం రావట్లేదు. పది నిమిషాలు ఫ్యాన్ వైపు చూస్తూ కూచున్నాను. తర్వాత బ్యాంకర్స్ అల్గారిథమ్‌కి వచ్చాను. ఐడియా తెలుసు: సేఫ్ స్టేట్‌లో ఉంటేనే రిసోర్స్ ఇస్తుంది, లేకపోతే ఆగమంటుంది. కానీ ఆ టేబుళ్ళు... అలొకేషన్, మ్యాక్స్, నీడ్, అవైలబుల్... ఏది లోంచి ఏది తీసేయాలో చేతికి రాలేదు. ఒకటిన్నర పేజీలో "కాన్సెప్ట్" రాసేసి ముందుకెళ్ళాను. మిగతా నాలుగూ అలాగే నడిచాయి. నా పక్క బెంచీలో మా రూమ్మేటు మూడో అడిషనల్ అడుగుతున్నాడు. నేను మెయిన్ షీట్‌లో ఇంకా ఆరు పేజీలు ఖాళీ పెట్టుకుని, రెండు గంటలకే పెన్ను మూసేశాను.

రిజల్ట్ వచ్చింది. వాడికి 61. నాకు 24.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న తిట్టలేదు. ఒక్కటే అడిగారు, "చదివావా, చదవలేదా?" అని. "చదివాను నాన్నా" అన్నాను. నిజమే చెప్పాను. "మరి?" అన్నారు. ఆ "మరి?"కి నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నెలలోనే క్యాంపస్‌కి ఒక కంపెనీ వచ్చింది. రూలు అందరికీ తెలిసిందే: అరవై శాతం ఉండాలి, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు. సెమినార్ హాల్ బయట మెట్ల మీద కూచుని లోపలికి వెళ్ళేవాళ్ళని చూశాను. మా రూమ్మేటు నా టై కట్టుకుని లోపలికెళ్ళాడు, సెలెక్ట్ అయ్యాడు. ఆ తర్వాత 2008లో రిసెషన్ వచ్చింది, 2009లో మేం బయటికొచ్చేసరికి ఎక్కడా తలుపులు తెరిచి లేవు. వాడి జాయినింగ్ ఆలస్యమైంది గానీ ఆఫర్ నిలబడింది. నేను పద్నాలుగు నెలలు అమీర్‌పేటలో కోర్సులు చేస్తూ గడిపాను. అంటే నా నాలుగో కండిషన్ ఖరీదు పద్నాలుగు నెలలు. (అప్పట్లో అలా లెక్కేసుకునేవాణ్ణి. రాని పదం ఒక్కటే కాదు కదా, రాసే అలవాటే లేదు. అది తర్వాత తెలిసింది.)

ఎలా తెలిసిందంటే, సప్లీకి ముందు సిగ్గు చంపుకుని మా రూమ్మేటునే అడిగాను. వాడు వెక్కిరించలేదు. ప్రింటవుట్ కట్టలోంచి ఒక కాగితం లాగి ఇచ్చాడు.

"పుస్తకం మూయి. డెడ్‌లాక్ గురించి నీకు తెలిసిందంతా రాయి."

తొమ్మిది లైన్లు వచ్చాయి. అరగంట మాట్లాడగలిగిన మనిషికి తొమ్మిది లైన్లు! అప్పుడర్థమైంది... చదువుతున్నప్పుడు "ఆ, ఇది తెలుసు" అనిపించడం వేరు, తెల్లకాగితం ముందు తెలిసి ఉండటం వేరు. మన భాషలో చెప్పాలంటే నాకు ఆ ఫైల్ మీద రీడ్ పర్మిషన్ ఉంది, రైట్ పర్మిషన్ లేదు.

వాడు తన పద్ధతి చెప్పాడు. ముందు ప్రశ్న. దాని కింద ఐదారు సైడ్ హెడ్డింగులు. ఒక బొమ్మ. ఒక ఉదాహరణ. ఈ అస్థిపంజరం చూడకుండా వచ్చాకే కండ పెట్టాలి. ఇవాళ రాసింది రేపు ఒకసారి, మూడు రోజులాగి ఒకసారి, వారానికి ఒకసారి చూడకుండా రాయాలి. ఎర్ర సున్నాలు పడ్డవే మళ్ళీ చదవాలి, పడనివి వదిలేయాలి. అంతే. ఇన్నాళ్ళూ నేను బట్టీ అని నవ్విన పని ఇదీ.

బదులుగా నేనూ వాడికి ఒకటిచ్చాను. ఒకరోజు వాడు నాలుగు కండిషన్లూ గడగడా అప్పజెప్పాడు, కామాతో సహా. "ఇంతకీ డెడ్‌లాక్ అంటే ఏంట్రా?" అన్నాను. మళ్ళీ అదే వాక్యం మొదట్నుంచి అందుకున్నాడు. అప్పుడు హాస్టల్ బాత్రూమ్ తీసుకొచ్చాను. ఒక్కటే బకెట్, ఒక్కటే మగ్గు. ఏదైనా ఒకసారి ఒక్కడే వాడగలడు: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. నీ దగ్గర బకెట్ ఉంది, మగ్గు కోసం చూస్తూ బకెట్ వదలవు: హోల్డ్ అండ్ వెయిట్. ఒకడి చేతిలోంచి లాక్కోకూడదు, వాడే వదలాలి: నో ప్రీఎంప్షన్. (ఇదే ఆ మహానుభావుడు, నాకు పరీక్షలో రానిది.) నీ బకెట్ కోసం నేను, నా మగ్గు కోసం నువ్వు: సర్క్యులర్ వెయిట్. ఇద్దరికీ స్నానం లేదు, క్లాసూ లేదు.

వాడు ఒక్క క్షణం ఆగి, "ఇదా ఓస్!" అని పడీ పడీ నవ్వాడు. ఆ కాగితం మార్జిన్లో తెలుగులో "బకెట్టు-మగ్గు" అని రాసుకున్నాడు. సప్లీలో నాకు 58 వచ్చింది.

ఈ కథలో మా రూమ్మేటు కనిపెట్టిన కొత్త విషయమేమీ లేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీ పట్టి, తనే మర్చిపోయి, ఎంత తొందరగా మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మొదట్లో ధనాధన్ పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఇంకో ప్రయోగం చేశారు. కాలేజీ పిల్లలకి రెండు పాఠాలు ఇచ్చి ఒకదాన్ని మళ్ళీ చదివించారు, రెండోదాన్ని చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివిన పాఠానిదే పైచేయి: 81 శాతం, రాసినదానిది 75. వారం తర్వాత పెడితే తిరగబడింది: చదివినది 42, రాసినది 56. ఇందులో అసలు కిటుకు ఏంటంటే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే తమకి బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ. టీ కొట్టు దగ్గర నేను, అచ్చంగా.

అన్నట్టు, బట్టీ అనగానే మనం వేదపాఠశాలల్ని ఉదాహరణగా తెస్తాం. వాళ్ళు కూడా ఊరికే పదే పదే చదవరు. ఘనపాఠంలో మాటల్ని ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని ముందుకీ వెనక్కీ తిప్పి చెప్తారు. ఒక మాట జారితే అక్కడే బయటపడుతుంది. చెక్‌సమ్ అన్నమాట. పైగా శిష్యుడి చేతిలో పుస్తకం ఉండదు, ఎదురుగా గురువు వింటూ ఉంటాడు. మన పెద్దవాళ్ళు పదమూడో ఎక్కం మధ్యలోంచి అడిగేది కూడా అందుకే.

ఇదంతా చెప్పి బట్టీకి జై కొట్టేస్తున్నాననుకోకండి. అర్థం లేకుండా అప్పజెప్పేవాడి ఇబ్బంది ఏంటో మా రూమ్మేటులో చూశాను. నేననేది వేరే. జ్ఞాపకం ఒక పని, అర్థం ఒక పని. ఒకటుంటే రెండోది దానంతటదే వస్తుందనుకోవడమే మోసం. అందులో నేను ఒకవైపు మోసపోయాను, వాడు రెండోవైపు మోసపోయేవాడే. ఇద్దరం ఒక గదిలో ఉండబట్టి బతికిపోయాం.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ టపా రాయడం దండగ.

2016లో ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్లో కూచున్నాను. ఒకమ్మాయి, చిన్న ఊరి కాలేజీ, చున్నీ కొస పట్టుకుని నలిపేస్తోంది. డెడ్‌లాక్ గురించి అడిగాం. నాలుగు కండిషన్లూ పుస్తకంలో ఉన్న వరసలో, ఉన్న మాటల్లో గడగడా చెప్పేసింది. నా పక్కనున్నాయన షీటు మీద "బట్టీ" అని రాసి నాకు చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. "థాంక్యూ, హెచ్చార్ వాళ్ళు చెప్తారు" అన్నాం. తను లేచి, కుర్చీ లోపలికి జరిపి మరీ వెళ్ళింది.

ఆ రాత్రి బండి మీద ఇంటికి వెళ్తుంటే తట్టింది. నాలుగూ చెప్పింది కదా ఆ పిల్ల! నాకు పరీక్షలో మూడే వచ్చాయి. తను ఎన్ని తెల్లవారుజాముల్లో లేచి రాసుకుందో. "ఇంట్లో, ఊళ్ళో ఇలాంటిది ఎక్కడైనా చూశావామ్మా?" అని తెలుగులో ఒక్క ప్రశ్న అడగాల్సింది. చెప్పేదేమో, చెప్పలేకపోయేదేమో. అడగలేదు. మా రూమ్మేటుకి బకెట్టు-మగ్గు చెప్పిన నేనే, ఎదురుగా ఇంకో డాట్ మ్యాట్రిక్స్ కూచుంటే ప్రింటర్ చప్పుడు చేసి పంపించాను. అప్పట్నుంచీ ఎవరైనా పుస్తకం వరసలో జవాబు చెప్తే నా తర్వాతి ప్రశ్న అదే. కొందరు తెల్లమొహం వేస్తారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఇరుకు సందులో ఎదురెదురుగా ఇరుక్కున్న రెండు లారీల గురించో, పొలం మోటారు గురించో మొదలుపెడతారు. అప్పుడు వాళ్ళ మొహం చూడాలి.

మర్నాడు మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడి పేపరు మా పేపరులా కాదు. పార్ట్ ఏ తప్పనిసరి, పార్ట్ బీలో ప్రతి యూనిట్ నుంచీ "ఇది లేదా అది". మూడు యూనిట్లు వదిలేసే మా రాజభోగం వాడికి లేదు. గైడు బదులు చాట్ జీపీటీని అడిగి జవాబులు తెచ్చుకుంటున్నాడు. నున్నగా ఉంటాయి, చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. అదే ప్రమాదం అని చెప్పాను. ఇంకా చెప్పినవి ఇవీ:

1. ఎక్కడ తెచ్చుకున్నా సరే, ఒక్కసారి శ్రద్ధగా చదివి మూసెయ్. తెల్లకాగితం తీయి.
2. ముందు సైడ్ హెడ్డింగులు, బొమ్మ. అవి రాకుండా వాక్యాల జోలికి పోకు.
3. ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకో. రానివాటికే సున్నా చుట్టు, వాటినే చదువు.
4. రేపు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పరీక్ష ముందు ఒకసారి. ఒక్క రాత్రిలో పదిసార్లు రాసినా దీనికి సాటిరాదు.
5. రాసినదాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పు. మీ అమ్మకి చెప్పు. అమ్మ "ఊఁ" అని వింటూ మధ్యలో "అదెందుకు?" అంటుంది చూడు, నీకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడే అడుగుతుంది.
6. గడియారం పెట్టుకుని రెండు పూర్తి పేపర్లు రాయి. చెయ్యి నొప్పి పుట్టడం కూడా సిలబస్‌లో భాగమే.
7. నైట్ అవుట్ చెయ్యకు. (నేను చెప్తే వింటాడా అని మీరు నవ్వొచ్చు.)

"అంటే బట్టీ కొట్టమంటావా, వద్దంటావా మావయ్యా?" అన్నాడు అంతా విని.

"పుస్తకం మూసి కొట్టు" అన్నాను.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఒక పేజీ, దాని నిండా ఎర్ర సున్నాలు. కింద మెసేజ్: "సగం కూడా రాలేదు మావయ్యా. మొత్తం వచ్చనుకున్నా."

ఇంకా పది రోజులుంది, ఫర్వాలేదు అని జవాబిచ్చాను. నాకు ఆ సున్నాలు కనిపించింది రిజల్ట్ వచ్చాక.